పిల్లి తిండి ప్యాకెట్టును వెనక్కి తిప్పి చదవండి

సంపాదకులకు నమస్కారం.

మీ లేఖల పేజీలో రెండు వారాలుగా పిల్లుల తిండి మీద సాగుతున్న వాదన చదువుతున్నాను. మొదట ఒకాయన రాశారు: ప్యాకెట్ తిండి డబ్బు ఎక్కువైన వాళ్ల సరదా, మనం తినగా మిగిలిన మాంసం గ్రేవీతో సహా పెట్టి కాసిని పాలు పోస్తే చాలు, పూర్వం పిల్లులు బతకలేదా అని. మరుసటి వారం ఒకావిడ జవాబిచ్చారు: మంచి తిండి కొనే స్తోమత లేనివాళ్లు పిల్లిని తెచ్చుకోనే కూడదని. రెండు ఉత్తరాలూ కత్తిరించి దాచాను. ఇద్దరి మీదా కోపం వచ్చింది. రెండో ఆవిడ మీద ఇంకాస్త ఎక్కువ వచ్చింది, ఎందుకంటే ఆవిడ లెక్క ప్రకారం నేను పిల్లిని పెంచకూడని మనిషిని.

నేను 34 ఏళ్లు స్టోర్సులో లెడ్జర్లు రాసి రిటైరైన గుమాస్తాని. వచ్చేది పెన్షను. ఇంట్లో నేను, రెండు పిల్లులు. పెద్దవాడు గుమ్మడి. పేరుకు తగ్గ రంగు, ఒకప్పుడు పేరుకు తగ్గ ఆకారం కూడా. చిన్నది నల్లపూస. ఒళ్లంతా నలుపు, పైగా ఎవరైనా గడప తొక్కారంటే మంచం కిందకి దూరి మళ్లీ కనిపించదు, కాబట్టి ఆ పేరు రెండు విధాలా కుదిరింది. వీళ్ల తిండికి ఒక నోట్‌బుక్కు పెట్టాను. ప్యాకెట్ ఏ రోజు తెరిచాను, ఏ రోజు అయిపోయింది, నెలకోసారి ఎవరి బరువెంత, అన్నీ అందులో ఉంటాయి. మా అమ్మాయి ఫోన్లో నవ్వుతుంది, "అమ్మా, ఉద్యోగం మానేశావు గానీ లెడ్జరు మానలేదు" అని. పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టడు అంటాం కదా. నేను పెడతాను, కాకపోతే లెక్క రాసుకుని పెడతాను.

ముందు మొదటి ఉత్తరం సంగతి. పూర్వం పిల్లులు బతికిన మాట నిజమే. ఎన్నేళ్లు బతికాయో ఎవరూ రాసి పెట్టలేదు గానీ, బతికింది మాత్రం మన మిగుళ్ల మీద కాదు, ఎలుకల మీద. ఒక చిన్న ఎలుకలో సుమారు 30 కిలో క్యాలరీలుంటాయి. 4 కిలోల పిల్లి కడుపు నిండాలంటే రోజుకు ఏడెనిమిది పట్టుకోవాలి. ఆ ఎలుకలో కండ ఉంది, గుండె, కాలేయం ఉన్నాయి, ఎముకల్లో కాల్షియం ఉంది, మూడింట రెండు వంతులు నీరే. పిల్లికి అంతకన్నా పూర్తి భోజనం ఇంకోటి లేదు. తలుపులు వేసుకున్న ఇంట్లో, పరుపు మీద పడుకునే నల్లపూసకి రోజుకు ఎనిమిది ఎలుకలు ఎవరు తెచ్చి పెడతారు? ఆ ఎలుక స్థానంలో మనం ఏం పెడుతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

పిల్లికి మాంసం ఇష్టం అనడం చాలదు, మాంసం లేకపోతే దాని ఒళ్లు నడవదు. మనం క్యారెట్ తింటే అందులో ఉన్నదాన్ని మన ఒళ్లు విటమిన్ ఎ కింద మార్చుకుంటుంది. పిల్లికి ఆ పని చేతకాదు, తయారైన విటమిన్ ఎ కాలేయం లాంటి వాటి నుంచి రావాల్సిందే. టారిన్ అనే ఇంకో పదార్థం ఉంది. కుక్క దాన్ని మామూలుగా తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది, పిల్లి తనకు సరిపడా తయారు చేసుకోలేదు. టారిన్ తగ్గితే నెమ్మదిగా కంటిచూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. మా పక్కింటి పిల్లవాడు కుక్క తిండి కాస్త చవకని తన పిల్లికీ అదే పెట్టేవాడు. "పిన్నిగారూ, రెండూ గుళికలే కదా" అన్నాడు. రెండూ గుళికలే గానీ కుక్క గుళికల్లో పిల్లికి సరిపడా ప్రొటీన్ ఉండదు, టారిన్ ఉంటుందన్న హామీ లేదు. ఒకటి రెండు సార్లు ముట్టుకుంటే ఏమీ కాదు, రోజూ అదే అయితే చేటు.

ప్యాకెట్ కంపెనీలు మొదటి నుంచీ అన్నీ తెలిసి చేశాయని కూడా అనుకోకండి. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లో పాల్ పయన్ అనే పశువైద్యుడు, ఆయనతో పనిచేసినవాళ్లు గుండె జబ్బుతో వచ్చిన పిల్లుల రక్తం పరీక్షిస్తే టారిన్ బాగా తక్కువగా కనిపించింది. ఆ పిల్లులు తింటున్నది బజారులో దొరికే తిండే. టారిన్ ఇస్తే సాగిపోయిన గుండెలు కోలుకున్నాయి. ఆ తరవాతే కంపెనీలు తిండిలో టారిన్ పెంచాయి. ఇది చదివాక నాకు ప్యాకెట్ల మీద నమ్మకం పోలేదు, పెరిగిందనే చెప్పాలి. తప్పు జరిగింది, లెక్క దొరికింది, సరిచేశారు. మన గిన్నెలో మిగిలిన మాంసానికి ఆ సరిచేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇక గ్రేవీ. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషం. పచ్చిదైనా, వండినదైనా, పొడి అయినా ఒకటే. రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది, నాలుగైదు రోజులకు పిల్లి నీరసపడి చిగుళ్లు పాలిపోతాయి. శరీర బరువులో కిలోకు 5 గ్రాముల ఉల్లి చాలని పశువైద్యులు చెబుతారు. అంటే 4 కిలోల పిల్లికి 20 గ్రాములు. బాగా మరిగిన గ్రేవీలో ఉల్లిపాయ కంటికి కూడా కనిపించదు. ఉప్పు లేకుండా, ఏమీ వేయకుండా ఉడికించిన మాంసం ముక్క ఒకటి పక్కకు తీసి పెట్టండి, ఎవరూ కాదనరు. గ్రేవీతో సహా అని అచ్చులో చూసేసరికి నాకు టెన్షన్ వచ్చింది.

పాల మీద నాకు ఇంకాస్త సరదా కోపం ఉంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అనే సామెత పుట్టిన భాష మనది, కాబట్టి పిల్లి అనగానే పాలగిన్నె గుర్తొస్తుంది. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. తాగడం తాగుతుంది, తరవాత అది దొడ్డికి వెళ్లే లిట్టర్ ట్రే మనం కడగాలి. సామెతలో కళ్లు మూసుకున్నది పిల్లే గానీ, ఇక్కడ మూసుకున్నది మనం.

ఇప్పుడు రెండో ఆవిడ దగ్గరికి వస్తాను. ఆవిడ మాట వింటే ధర ఎక్కువైతే మంచి తిండి, తక్కువైతే చెడ్డది. నేనూ ఒకప్పుడు ఇలాంటి పొరపాటే చేశాను, అటు నుంచి ఇటు.

గుమ్మడి వచ్చిన కొత్తలో కిలోకు అన్నిటికన్నా తక్కువ పడే డ్రై ఫుడ్ వెతికి కొన్నాను. గిన్నె ఖాళీ కాకుండా పోస్తూ ఉండేదాన్ని. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక పిల్లికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుందనీ ఆకలి మాత్రం పెరుగుతుందనీ నాకు తెలియదు. రెండేళ్లలో 6.4 కిలోలయ్యాడు. వచ్చినవాళ్లంతా ముద్దుగా ఉన్నాడనేవాళ్లు. ఒకరోజు రాత్రి ట్రేలోకి వెళ్లడం, కూర్చోవడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. అరుపు కూడా మామూలు అరుపు కాదు. నేను మలబద్ధకం అనుకున్నాను. అమ్మాయికి వీడియో పెడితే, "అమ్మా, తెల్లారేదాకా ఆగకు, ఇప్పుడే తీసుకెళ్లు" అంది. మూత్రం దారి మూసుకుపోయింది. మగపిల్లికి అలా ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుందట. గొట్టం వేసి మూడు రోజులు ఉంచుకున్నారు. చవక తిండి మీద నేను మిగిల్చిన డబ్బంతా ఆ మూడు రోజులకు చాలలేదు. నోట్‌బుక్కులో ఆ పేజీ అలాగే ఉంది.

డాక్టరమ్మ తిండి ఒక్కదాన్నే తప్పు పట్టలేదు. లావు, కదలకపోవడం, నీళ్లు తక్కువ తాగడం అన్నీ కలిసి వచ్చాయంది. పిల్లుల పూర్వీకులు పొడి నేలల్లో వేటాడి బతికిన జంతువులు, దాహం మీద వాటికి ధ్యాస తక్కువ, తిండిలోనే నీరు వస్తుందని ఎదురుచూస్తాయి అని చెప్పింది. 4 కిలోల పిల్లికి తిండిలో, గిన్నెలో అంతా కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. నేను లెక్క వేశాను. 60 గ్రాముల డ్రై ఫుడ్‌లో వచ్చేది 6 మిల్లీలీటర్లు. 85 గ్రాముల తడి తిండి పౌచ్ ఒక్కదానిలో 68. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్న రోజు నాకు బాగా గుర్తు.

భయంతో ఇంకో చివరకి పోయాను. ప్యాకెట్లన్నీ పక్కన పెట్టి కోడిమాంసం ఉడికించి పెట్టడం మొదలుపెట్టాను. నల్లపూస అప్పుడే వచ్చింది, మూడు నెలల పిల్ల. రెండు వారాల తరవాత టీకాకి తీసుకెళ్లి నా వంట గురించి గొప్పగా చెప్పుకుంటే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "అమ్మగారూ, ఎముకలు ఎక్కడి నుంచి కట్టుకుంటుంది?" అని అడిగింది. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. ఎదిగే పిల్లకి వారాల తరబడి మాంసం ఒక్కటే పెడితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది, ఎముకలు పలచబడి విరుగుతాయి. అందుకని కాలేయం కలుపుతానంటే అదీ వద్దంది, రోజూ కాలేయం పెడితే విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు బిగుసుకుపోతాయట. పచ్చి చేపలో కొన్ని రకాలు బి1 విటమిన్‌ని పాడు చేస్తాయి. ఇంట్లో వండి పెట్టడం తప్పని కాదు, పశు పోషణ తెలిసిన డాక్టరు రాసిచ్చిన కొలతతో, చెప్పిన పొడులు కలిపి చేయాలి. అలా చేస్తే చవక అస్సలు కాదు. నేను లెక్క వేసి చూశాను.

అలా తిరిగి తిరిగి ప్యాకెట్ దగ్గరికే వచ్చాను, కాకపోతే ఈసారి వెనక్కి తిప్పి చదివాను. ముందు వైపు అంతా బొమ్మలు. క్యారెట్లు, బఠాణీలు, ఎర్రటి పళ్లు. పిల్లికి తీపి రుచే తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయకుండా పోయిందని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ పళ్లు మన కళ్ల కోసం వేసినవి, వాటికి మనం డబ్బు కడుతున్నాం.

వెనక వైపు నేను మొదట వెతికేది ఒక్క మాట: కంప్లీట్. పిల్లికి రోజూ ఈ తిండి ఒక్కటే పెట్టినా సరిపోతుందని దాని అర్థం. కాంప్లిమెంటరీ అనో, అప్పుడప్పుడు పెట్టడానికి మాత్రమే అనో ఉంటే అది చిరుతిండి కింద లెక్క, ఎంత ఖరీదైనా సరే. చాలా అందమైన చిన్న డబ్బాలు, పైన చేప ముక్కలు నిజంగానే కనిపించేవి, ఈ రెండో రకమే. కంప్లీట్ అన్న మాట పక్కన ఏ వయసుకో కూడా ఉంటుంది. పెద్ద పిల్లులదే ఉంటే నల్లపూస లాంటి పసిదానికి చాలదు. ఈ మాటలకు కొలతలు పెట్టేవి అమెరికాలో ఏఏఎఫ్‌సీవో, యూరప్‌లో ఫెడియాఫ్ అనే సంస్థలు. ఏఏఎఫ్‌సీవో కొలత ప్రకారం నీరు తీసేసి చూస్తే పెద్ద పిల్లి తిండిలో కనీసం 26 శాతం, పిల్లలకైతే 30 శాతం ప్రొటీన్ ఉండాలి. ఆ సంస్థ కొలతలు పెడుతుంది గానీ తిండిని పరీక్షించి ముద్ర వేయదు, కాబట్టి దాని పేరు చెప్పి ఆమోదం పొందిందని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

నీరు తీసేసి చూడటం అంటే ఏమిటో ఒక ఉదాహరణ. పౌచ్ మీద ప్రొటీన్ 10 శాతం అని ఉంటుంది, డ్రై ఫుడ్ మీద 32. చూడగానే పౌచ్ మోసం అనిపిస్తుంది. పౌచ్‌లో 80 శాతం నీరే. మిగిలిన 20లో 10 ప్రొటీన్, అంటే సగానికి సగం. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం, మిగిలిన 90లో 32, అంటే 36 లోపు. చేతిలో పెన్సిలు ఉంటే అర నిమిషం పని.

దినుసుల జాబితాలో బై-ప్రొడక్ట్స్ అని ఉంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. మనం తినని గుండె, కాలేయం, మూత్రపిండాలు అవి. ఎలుకను పట్టిన పిల్లి వాటినేమీ వదిలిపెట్టదు, గుండెలో టారిన్ బాగా ఉంటుంది కూడా. తిండి చవకగా రావడానికి ఇదొక న్యాయమైన దారి. గ్రెయిన్ ఫ్రీ అన్న ముద్రకి మాత్రం నేను ఎక్కువ డబ్బు ఇవ్వను. ధాన్యం తీసేసిన చోట బంగాళాదుంపో బఠాణీయో వేస్తారు, పిండి పదార్థం తగ్గాలని లేదు. ఇంట్లో ఉండే పిల్లికి, బొచ్చు పిల్లికి, ఫలానా జాతి పిల్లికి అని వేరు వేరు రంగుల్లో వచ్చేవాటి వెనక వైపులు పక్కపక్కన పెట్టి చదవండి, మీకే తెలుస్తుంది.

ఇక అసలు లెక్క. కిలో ధర చూసి కొనడం నా పాత తప్పు. పిల్లి కిలోలు తినదు, క్యాలరీలు తింటుంది. నల్లపూసకి ఇప్పుడు 3.6 కిలోలు, రోజుకు 220 కిలో క్యాలరీలు చాలు. చవక ప్యాకెట్‌లో 100 గ్రాములకు 330, దానికి ఒకటిన్నర రెట్లు ధర ఉన్న ప్యాకెట్‌లో 400. మొదటిది రోజుకు 67 గ్రాములు పెట్టాలి, రెండోది 55. కిలో మొదటిది 15 రోజులు వస్తుంది, రెండోది 18. అంటే ధర చూస్తే సగం ఎక్కువ, రోజు ఖర్చు చూస్తే పావు వంతు కూడా ఎక్కువ కాదు. స్టోర్సులో మేము సరుకు ఎన్నడూ మూట ధర చూసి తీసుకోలేదు, ఎన్నాళ్లు వస్తుందో చూసి తీసుకునేవాళ్లం. ఇంట్లో పిల్లికి కొనేటప్పుడు ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. కొన్ని ప్యాకెట్ల మీద క్యాలరీలే ఉండవు. అవి నేను కొనను.

ఇదే లెక్క పౌచ్‌లకి వేస్తే కళ్లు తిరుగుతాయి. 100 గ్రాములకు 80 కిలో క్యాలరీలుంటే 85 గ్రాముల పౌచ్‌లో 68. ఒట్టి పౌచ్‌లతోనే కడుపు నింపాలంటే రోజుకు మూడుకు పైగా కావాలి. రెండు పిల్లులకి నా పెన్షను తట్టుకోదు. అందుకని రోజుకు తలా ఒక పౌచ్, మిగతాది డ్రై ఫుడ్. నల్లపూసకి పౌచ్ పోను మిగిలిన 150 కిలో క్యాలరీలకి 40 గ్రాముల లోపు గుళికలు సరిపోతాయి. పౌచ్ గిన్నెలో వేశాక రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి పల్చగా చేస్తాను, ఆ నీళ్లకు ఖర్చు లేదు. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాను. గుమ్మడి తిండి పక్కన ఉన్న గిన్నె ముట్టడు, బాత్రూం గుమ్మం దగ్గరున్నదే తాగుతాడు. ఎందుకో అడిగితే చెప్పడు.

కప్పుతో కొలవడం మానేయండి. నేను అదే టీ కప్పుతో వరసగా మూడుసార్లు తీసి తూకం వేశాను, 41, 52, 47 వచ్చింది. 11 గ్రాముల తేడా అంటే రోజుకు ఒక ఎలుకకు మించి. వంటింట్లో వాడే చిన్న తూకం కొన్నాను. పిల్లి తిండి ఖర్చు తగ్గించిన వస్తువు నా ఇంట్లో అదొక్కటే. లావు పిల్లి తిండి తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, అందులో దాచాల్సింది ఏమీ లేదు. చేత్తో పక్కటెముకలు తడిమితే, సన్నని గుడ్డ కింద ఉన్నట్టు తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే ఎక్కువ పెడుతున్నట్టు.

కానీ ఒక జాగ్రత్త. "ఆకలేస్తే అదే తింటుంది" అని పిల్లల విషయంలో అంటాం. గుమ్మడికి కొత్త తిండి మార్చినప్పుడు నేనూ అదే అన్నాను. ఒకటిన్నర రోజు మూతి పెట్టలేదు, నేనూ పంతం పట్టాను. డాక్టరమ్మకి ఫోన్లో చెబితే నన్ను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయం మీద పడి కాలేయమే చెడిపోతుందట. పంతం పనికిరాదు. పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ వారం, పది రోజుల్లో మార్చాలి. వాడు తగ్గడానికి 11 నెలలు పట్టింది. 4.9 దగ్గర ఆగాడు.

పెద్ద సంచి కొంటే కలిసొస్తుందనుకునేవాళ్లకి నా అనుభవం ఒకటి. అన్నిటికన్నా పెద్దది తెచ్చి, సంచి పారేసి గుళికలన్నీ ప్లాస్టిక్ డబ్బాలో గుమ్మరించాను. రెండో నెల దాటాక డబ్బా మూత తీస్తే పాత నూనె వాసన. ఇద్దరూ వాసన చూసి, నన్ను చూసి, వెళ్లిపోయారు. గుళికల మీద చల్లిన కొవ్వు గాలి తగిలితే చెడుతుంది, డబ్బా గోడలకు పట్టిన పాత కొవ్వు కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. ఇప్పుడు నెలా నెలన్నరలో అయిపోయే సైజే కొంటాను, సంచితో సహా డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను. తెరిచిన పౌచ్ మిగిలితే ఫ్రిజ్‌లో, మర్నాటికల్లా అయిపోవాలి.

మూత్రపిండాల జబ్బుకో, రాళ్లకో డాక్టరు రాసిన తిండి మాత్రం వేరు, దాన్ని నా లెక్కల్లో కలపకండి. అది మందు లాంటిది. అక్కడ చవక రకం వెతకొద్దు, బాగున్న పిల్లికి పెట్టొద్దు కూడా. రెండో పిల్లికి పక్కదాని గిన్నెలో మూతి పెట్టే అలవాటు ఉంటే వేరే గదిలో పెట్టి తలుపు వేయడమే దారి.

స్తోమత అని రాసిన ఆవిడకి ఒక్కమాట. నా పిల్లులు తినేది బజారులో మధ్య రకం తిండి, ఖరీదైన వరసలో ఉండదు, అడుగు వరసలోనూ ఉండదు. నెల నెలా బరువులు రాస్తున్నాను. ఏడాదికోసారి రక్త పరీక్ష చేయిస్తున్నాను, ఆ డబ్బు తిండి లెక్కలో మిగిలిందే. ఆవిడ తన పిల్లి ప్యాకెట్టు ఒకసారి వెనక్కి తిప్పి అందులో కంప్లీట్ అని ఉందో లేదో చూడాలని కోరుతున్నాను.

మీకు నా విన్నపం చిన్నది. ఈ ఉత్తరం పొడుగైపోయింది, మొత్తం వేయలేకపోతే వేయకండి. గ్రేవీ పెట్టమన్న ఆ ఉత్తరానికి సవరణగా ఉల్లి, వెల్లుల్లి ముక్క ఒక్కటి వచ్చే వారమే వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. ఆ ఉత్తరం పక్కన మీవాళ్లు వేసిన పాలగిన్నె బొమ్మ కూడా ఇక మార్చేస్తే సంతోషిస్తాను. నీళ్ల గిన్నె వేసినా పిల్లి అంతే అందంగా ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ స్టోర్స్ గుమాస్తా